తొలి జీతంతో బూట్లు కొనేముందు

అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల పేటల నుంచి ఏటా ఎందరో కుర్రాళ్లు నల్ల బూట్లు తప్పనిసరైన ఉద్యోగాల్లో చేరుతున్నారు. బ్యాంకు, కోర్టు, ఇన్సూరెన్సు, ప్రైవేటు ఆసుపత్రి, హైదరాబాదులో సెక్యూరిటీ, గల్ఫ్‌లో హోటల్ పని. రోజూ బూటు తొడుక్కుని పనికి వెళ్లే మొదటి మనిషి ఆ ఇంట్లో చాలాసార్లు వాళ్లే. తాతలు వరిచేలల్లో ఉత్తకాళ్లతో, నాన్నలు హవాయి చెప్పులతో బతికారు. బూటు ఎలా చూసి కొనాలో చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు. షాపులో అబ్బాయి "ప్యూర్ లెదర్ అండీ" అంటాడు. ఇంటర్వ్యూ ఎల్లుండి. కొనేస్తారు. వారం తిరక్కుండా మడమ పుండవుతుంది. ఆరు నెలలకు సోల్ నోరు తెరుస్తుంది.

ఉద్యమాల గురించి రాసే చోట బూట్ల సంగతేమిటని ఎవరికైనా అనిపిస్తే, ఒకసారి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం తెరిచి చూడాలి. 2015 సవరణతో చేరిన సెక్షన్ 3(1)(జెడ్‌ఏ)లో, బహిరంగ ప్రదేశాల్లో దళితులు, ఆదివాసీలు చెప్పులు వేసుకోకుండా, కొత్త బట్టలు కట్టుకోకుండా, సైకిల్ గానీ మోటార్ సైకిల్ గానీ ఎక్కకుండా అడ్డుకోవడం నేరమని ఉంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. ఈ సవరణ 2016 జనవరి 26న అమల్లోకి వచ్చింది. అంటే 21వ శతాబ్దంలో కూడా కాళ్లకు చెప్పులుండటాన్ని చట్టం కాపాడాల్సి వచ్చింది.

అలా ఎందుకు రాయాల్సి వచ్చిందో తెలియాలంటే దూరం వెళ్లక్కర్లేదు. తమిళనాడులోని తిరుప్పూర్ జిల్లా మడత్తుకుళం తాలూకా రాజావూరులో కంబళ నాయకన్ వీధి ఉంది. ఆ వీధిలో దళితులు చెప్పులు వేసుకుని నడవకూడదని రాయని కట్టుబాటు. 2023 డిసెంబరులో సుమారు 60 మంది చెప్పులతో ఆ వీధిలో నడిచి దాన్ని తెంచారు. మన ఊళ్లలోనూ పెద్ద వీధి వచ్చేసరికి చెప్పులు చేతిలోకి తీసుకున్న తరం ఇంకా బతికే ఉంది. మీ ఇంట్లో ముసలివాళ్లను అడిగి చూడండి.

ఇక కోనసీమలో పేట పేటకూ అంబేడ్కర్ విగ్రహం ఉంటుంది. కోటు, టై, చేతిలో పుస్తకం, కాళ్లకు బూట్లు. బట్ట మీద, చెప్పు మీద కులం రాసి పెట్టిన సమాజంలో ఆ దుస్తులు ఊరికే వచ్చినవి కావు. 1927 డిసెంబరులో మహద్ సదస్సుకు వచ్చిన మహిళలతో ఆయన, కులం గుర్తుపట్టేలా చీర కట్టొద్దనీ, శుభ్రంగా కట్టుకోవాలనీ చెప్పారు. జిల్లాకు ఆయన పేరు పెడతామన్నందుకే 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. అయినా జిల్లా పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ అనే నిలిచింది.

ఇంత పోరాడి సంపాదించుకున్న బూటు కాలిని కరవకూడదు గదా. అసలు విషయానికి వద్దాం.

మన పాదం వెడల్పు

మనం కొనే బూట్ల మీద ఉండే 7, 8, 9 అంకెలు ఇంగ్లండు కొలతలు. ఆ అచ్చులు అక్కడి పాదాల కోసం తయారయ్యాయి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ (సీఎల్‌ఆర్‌ఐ) 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశమంతటా లక్షమందికి పైగా పాదాలను త్రీడీ యంత్రాలతో కొలిచింది. యూరప్, అమెరికా వాళ్ల పాదాలకంటే మన పాదాలు వెడల్పని తేలింది. ఆ లెక్కల మీదే 'భ' పేరుతో భారతీయ సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. ఇరుకు బూటు పట్టక మనవాళ్లు ఏం చేస్తారంటే, ఒక సైజు పెద్దది కొంటారు. అప్పుడు వెడల్పు సరిపోతుంది, పొడవు ఎక్కువవుతుంది. మడమ లోపల పైకీ కిందకీ ఆడుతుంది. ఆ రాపిడే పుండు. మరి కొందరు కష్టపడి ఇరుకుదాన్నే తొడుక్కుని ఆనెలు తెచ్చుకుంటారు.

చిన్నప్పటి నుంచి ఉత్తకాళ్లతో, చెప్పులతో తిరిగిన కాలికి వేళ్లు విచ్చుకుని ఉంటాయి. అదేం లోపం కాదు, నిజానికి పాదం ఉండాల్సిన తీరే అది. కాబట్టి మొనదేలిన బూటు జోలికి పోవద్దు. సినిమాల్లో బాగుంటుంది, బస్టాండు నుంచి ఆఫీసు దాకా నడిస్తే చిటికెన వేలు ఏడుస్తుంది. ముందు భాగం గుండ్రంగా, వెడల్పుగా ఉన్నది చూడండి. లేసులున్న డెర్బీ రకం అడగండి. లేసు కట్టే రెండు రెక్కలూ పైన విడిగా ఉంటాయి, బాగా తెరుచుకుంటాయి, పాదం ఎత్తుగా ఉన్నా పడుతుంది. ఆక్స్‌ఫర్డ్ అనే రకంలో ఆ రెక్కలు కింద కలిపి కుట్టి ఉంటాయి, వెడల్పు కాలిని బిగిస్తుంది. లేసుల్లేని రకం తొడగడం తేలికే గానీ, సాగాక బిగించుకునే దారి ఉండదు.

షాపుకి సాయంత్రం వెళ్లండి. పగలంతా నిలబడ్డాక పాదం కొద్దిగా ఉబ్బుతుంది. పొద్దున సరిపోయిన బూటు సాయంత్రానికి బిగుస్తుంది. ఆఫీసుకి వేసుకునే సాక్సులే తొడుక్కుని వెళ్లండి. రెండు కాళ్లకీ వేసుకుని చూడండి, ఎందుకంటే రెండు పాదాలూ ఒకే కొలత ఉండటం అరుదు. పెద్ద పాదానికి సరిపోయేదే తీసుకోవాలి. నిలబడినప్పుడు పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. నడిచినప్పుడు బూటు వంగే చోటు, మీ వేళ్లు వంగే చోటు ఒకటే కావాలి. షాపులో అద్దం ముందు రెండడుగులు వేసి సరిపెట్టకండి, అయిదు నిమిషాలు నడవండి. షాపు వాళ్ల చూపులకు మొహమాటపడొద్దు. "వాడగా వాడగా సాగుతుందండీ" అన్న మాట నమ్మొద్దు. మంచి తోలు కొంచెం సర్దుకుంటుంది, అంతే. పొడవు ఎన్నటికీ పెరగదు. రెగ్జిన్ అయితే అసలు సర్దుకోదు.

ఏది తోలు, ఏది కాదు

ఇక్కడే ఎక్కువ మోసం. ఒకప్పుడు ఈ విద్య మన చేతుల్లో ఉండేది. మాదిగపేటల్లో పచ్చి చర్మాన్ని సున్నంలో నానబెట్టి, తంగేడు చెక్కతో లందలో వారాల తరబడి ఊరబెట్టి తోలు చేసేవాళ్లు. ఏ చర్మం ఎక్కడ దళసరి, ఎక్కడ సాగుతుంది, ఏ ముక్క అట్టకు, ఏది పట్టీకి అన్నది వేలితో తాకి చెప్పేవాళ్లు. నడుస్తుంటే చప్పుడు చేసే కిర్రు చెప్పులు కుట్టి ఇచ్చింది వాళ్లే. వేసుకుని ఊళ్లో దర్జాగా తిరిగింది వేరేవాళ్లు. ప్లాస్టిక్ చెప్పు, యంత్రం వచ్చాక ఆ పని పోయింది. దాంతోపాటు అవమానమూ పోయి ఉంటే బాగుండేది. విద్య పోయింది, పేరు పెట్టి పిలవడం మాత్రం మిగిలింది. ఇప్పుడు ఆ తాతల మనవళ్లే రెగ్జిన్‌ని తోలనుకుని కొంటున్నారు.

చూడాల్సింది అంచు. నాలుక దగ్గరో, లేసు రంధ్రాల దగ్గరో కోసిన అంచు కనబడుతుంది. తోలైతే అక్కడ పీచుపీచుగా, గరుకుగా ఉంటుంది. రెగ్జిన్ అయితే పైన ప్లాస్టిక్ పొర, కింద బట్ట అల్లిక కనిపిస్తాయి. వేలితో నొక్కితే తోలు మీద సన్నని ముడతలు పడి, వదలగానే పోతాయి. వాసన మీద ఆధారపడొద్దు, తోలు వాసన సీసాల్లో దొరుకుతుంది. చాలా కంపెనీ బూట్లలో లోపల చిన్న స్టిక్కరు ఉంటుంది. చర్మం ఆకారంలో బొమ్మ ఉంటే తోలు, డైమండ్ బొమ్మ ఉంటే వేరే పదార్థం, వల లాంటి గుర్తు ఉంటే బట్ట. ఇది యూరప్‌లో మొదలైన పద్ధతి, తెలిసిన కొనుగోలుదారుడికి ఎంతో పనికొస్తుంది.

తోలు అన్నంత మాత్రాన అంతా ఒకటి కాదు. చర్మం పైపొర యథాతథంగా ఉన్నది గట్టిది, ముడత పడే చోట త్వరగా పగలదు. పైపొర గీకేసి రంగు పూసిన తోలు నున్నగా మెరుస్తుంది. చవకగా దొరుకుతుంది, వానలో తుడిస్తే పోతుంది, కానీ రంగు పొర కొన్నాళ్లకు చిట్లుతుంది. తోలు పొడిని జిగురుతో అతికి రేకులా చేసేది మరొకటి ఉంది. దాన్నీ తోలనే అమ్ముతారు. ఏడాది తిరక్కుండా పొట్టు రాలుతుంది. దీనికంటే నిజాయితీగా రెగ్జిన్ అని చెప్పి అమ్మే బూటు నయం.

సోల్ దగ్గరే అసలు పరీక్ష

పైన ఎంత మంచి తోలున్నా కింద సోల్ పోతే బూటు పోయినట్టే. ఆఫీసు బూట్లలో చాలావాటికి పీయూ (పాలీయురేథేన్) సోల్ ఉంటుంది. తేలిగ్గా, మెత్తగా ఉంటుంది, షాపులో హాయిగా అనిపిస్తుంది. దానికో జబ్బుంది. గాలిలో తేమ తగిలితే ఏళ్లమీద లోలోపలే విడిపోతుంది. వాడకుండా పెట్టెలో దాచితే మరీనూ. ఇంటర్వ్యూలకని, పెళ్లిళ్లకని బీరువాలో భద్రంగా దాచిన బూటు మూడేళ్ల తర్వాత వేసుకుని బయలుదేరితే దారిలోనే సోల్ పిండిలా రాలిపోవడం అందుకే. ఒకపక్క సముద్రం, మధ్యలో గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయలు. కోనసీమ గాలిలో తేమకు కొదవా! మన దగ్గర రబ్బరు సోల్ గానీ టీపీఆర్ సోల్ గానీ మేలు. కాస్త బరువు, కానీ తేమకు అలా పిండి కాదు. తడి టైల్స్ మీద జారడమూ తక్కువ. కొనేముందు అడుగున గీతలు లోతుగా ఉన్నాయో లేదో చూడండి.

సోల్‌ని పైభాగానికి ఎలా కలిపారన్నది రెండో ప్రశ్న. చవక బూట్లన్నీ జిగురుతో అతికినవే. కుట్టు వేసినవి ఎక్కువ కాలం ఆగుతాయి. గుడ్‌ఇయర్ వెల్ట్ అనే కుట్టులో పైభాగం చుట్టూ ఒక తోలు పట్టీ వేసి దానికి సోల్ కుడతారు. అరిగినప్పుడు సోల్ ఒక్కటీ విప్పి కొత్తది వేయొచ్చు. ధర ఎక్కువ. తొలి జీతానికి అది అక్కర్లేదని నా అభిప్రాయం. అచ్చం కుట్టులా కనిపించే గీతలు ప్లాస్టిక్‌లో పోసి అమ్మేవీ ఉన్నాయి, గోరుతో తాకితే దారమో కాదో తెలిసిపోతుంది.

జిగురు బూటే కొన్నా ఒక పని చేయొచ్చు. కొన్న రోజే బస్టాండు పక్కన గొడుగు కింద కూర్చునే చెప్పులు కుట్టే ఆయన దగ్గరకు తీసుకెళ్లి చుట్టూ సైడ్ కుట్టు వేయించండి. మడమ కింద అరిగే మూలకు రబ్బరు ముక్క కొట్టించండి. తక్కువ ఖర్చుతో బూటు ఆయుష్షు పెరుగుతుంది. షోరూములో ఎమ్మార్పీకి మారుమాట్లాడకుండా కట్టి, ఈయన దగ్గర పది రూపాయల కోసం బేరమాడే అలవాటు మనలోనూ ఉంది. నీలి కండువా వేసుకుని కూడా "ఏరా" అని పిలిచేవాళ్లను చూస్తుంటాం. బాబాయ్ అనో అన్నా అనో పిలవండి, అడిగినంత ఇవ్వండి. ఆరె, రంపె పట్టిన ఆ చేతికి తెలిసిన సంగతులు ఇంకే షాపులోనూ దొరకవు. కొత్త బూటు కొనేముందు పాతదాన్ని ఆయనకు చూపించి ఎక్కడ తెగిందో, ఎందుకు తెగిందో అడిగితే ఈ వ్యాసం అక్కర్లేదు.

ఖరీదు లెక్క ఇలా వేసుకోవాలి. 800 రూపాయల బూటు ఆరు నెలలు వస్తుందనుకుందాం. మూడేళ్లకు ఆరు జతలు, 4,800 రూపాయలు. 2,400 పెట్టిన తోలు బూటు, మధ్యలో 500 రిపేర్లతో మూడేళ్లు నడిస్తే 2,900. లేనివాడికే బూటు ఖరీదెక్కువ. కానీ చేతిలో ఒకేసారి 2,400 ఉండాలి గదా, చిక్కంతా అక్కడే. లేకపోతే రబ్బరు సోల్ ఉన్న మామూలు సింథటిక్ నల్ల బూటు కొనండి, కాలికి సరిగ్గా పట్టేది. అప్పు చేసి బ్రాండు కొనొద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి జత 2,500 రూపాయల లోపు పాదరక్షల మీద జీఎస్టీ 5 శాతమే, ఆపైన 18 శాతం.

కొన్నాక కాపాడుకోవడం గురించి రెండు మాటలు. వానాకాలంలో ఇంటి నుంచి చెప్పులతో వెళ్లి ఆఫీసు గుమ్మం దగ్గర బూటు తొడుక్కోవడంలో సిగ్గేమీ లేదు. తడిస్తే లోపల న్యూస్ పేపర్ కుక్కి నీడలో, ఫ్యాను గాలికి ఆరబెట్టండి. ఎండలో, పొయ్యి పక్కన పెడితే తోలు పగులుతుంది. బూజు పడితే పొడి గుడ్డతో తుడిచి, బాగా ఆరాక పాలిష్ పట్టించండి. వరుసగా రెండు రోజులు ఒకే బూటు వేయకుండా ఉండగలిగితే రెండు జతలూ రెట్టింపు కాలం వస్తాయి. షుగరున్నవాళ్లు సాయంత్రం బూటు విప్పగానే అరికాళ్లు చూసుకోవాలి, వాళ్లకు పుండు పడినా నొప్పి తెలియకపోవచ్చు.

బిల్లు తప్పకుండా తీసుకోండి. దాని మీద "లెదర్" అని రాయించండి. రాయనంటే అది తోలు కాదని అర్థం. తోలని చెప్పి రెగ్జిన్ అంటగడితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వెళ్లి వాదించుకోవచ్చు.