తెల్ల ఇసుక, మైకా, ఒక గుడ్డపెట్టె

గూడూరు నుంచి తూర్పుకు, కోట, చిల్లకూరు తీరానికి వెళ్తే గాజు ఫ్యాక్టరీలకు పోయే తెల్లటి సిలికా ఇసుక. పడమరకు, సైదాపురం, రాపూరు దారి పడితే మైకా గనులు. ఎండ రెండింటి మీదా ఒకేలా పడుతుంది, తిరిగొచ్చే తీరే వేరు. మైకా రేకు ఒక కోణంలో జిగేల్‌మని, తల పక్కకు తిప్పితే ఆరిపోతుంది. ఇసుక ఎటునుంచి చూసినా తెలుపే. దీపం ముందు బిగించి వెలుగును మెత్తబరిచే గుడ్డపెట్టె, అంటే సాఫ్ట్‌బాక్స్, కొనబోయే ఫొటోగ్రాఫర్ దాని లోపలి లైనింగ్ వెండిదా, తెల్లదా అని తటపటాయించేది ఈ తేడా గురించే.

ఆ పెట్టె కంటే అది చేసే పని పాతది. కరెంటు రాకముందు స్టూడియోలకు ఉత్తరం వైపు గాజు కప్పు ఉండేది. వెలుగు ఎక్కువైతే తెర లాగేవారు. 1956లో వచ్చిన ‘అపరాజితో’ సినిమాకి ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్ర, స్టూడియోలో వేసిన కాశీ ఇంటి సెట్టు మీద తెల్లగుడ్డ కట్టించి, దీపాలను దానివైపు తిప్పి, గుడ్డ నుంచి దిగే వెలుగులో చిత్రీకరించాడు. 1980లో అమెరికాలో గారీ రెజెస్టర్ సహస్థాపకుడిగా మొదలైన కైమెరా కంపెనీ మడిచి సంచిలో వేసుకునే పెట్టెలు అమ్మింది. కిటికీ భుజానికెక్కింది.

నీడలు మెత్తబడేది లైనింగ్ వల్ల అనుకునేవాళ్లు చాలామంది. కాదు. ముందున్న తెర ఎంత పెద్దది, మనిషికి ఎంత దగ్గర, అదీ లెక్క. ఆ తెర సమంగా నిండుతుందా, దారిలో ఎంత వెలుగు పోతుందన్నవే లైనింగ్ చేతిలో ఉంటాయి.

సిలికా రేణువు నిజానికి తెల్లగా ఉండదు, దాదాపు గాజులా ఉంటుంది. గాలి, రేణువు కలిసే ప్రతి అంచు దగ్గరా నాలుగైదు శాతం వెలుగు వెనక్కి తిరుగుతుంది. అలాంటి అంచులు వేలల్లో దాటి, దిక్కు మరిచి బయటపడిన వెలుగే మనకు తెలుపు. అల తడిపితే ఇసుక నల్లబడేది కూడా ఇందుకే: రేణువుల మధ్య గాలి స్థానంలో నీరు చేరితే అంచుల దగ్గర తిరుగుళ్లు తగ్గి, వెలుగు లోతుకుపోయి ఇంకిపోతుంది. తెల్ల లైనింగులో పోగులు, రంగుపొడి చేసేదీ ఇదే. 1900లో జర్మన్ ఇంజినీరు ఊల్‌బ్రిష్ట్ దీపాల వెలుగు కొలవడానికి వాడిన బోలు గోళంలోనూ తెల్లపూతే. తర్వాత అలాంటి గోళాలకు వాడిన బేరియం సల్ఫేటు ఇంకేదో కాదు, మన మంగంపేట గనుల ముగ్గురాయి.

వెండి లైనింగులో వెండి ఉండదు. ప్లాస్టిక్ పొర మీద పలచటి అల్యూమినియం. అది పడిన వెలుగులో 90 శాతం దాకా తిప్పికొడుతుంది. తెల్లగుడ్డ 80 శాతం ఇస్తుందనుకుందాం. మూడుసార్లు తగిలేసరికి వెండి దగ్గర 73 మిగిలితే, తెలుపు దగ్గర 51. ఫొటోగ్రాఫర్ల లెక్కలో అర స్టాపు. ఫ్లాష్ చిన్నదైతే అది తక్కువేం కాదు. కానీ మైకా గుణం మైకాదే. దీపానికీ ముందు తెరకూ మధ్య ఉండే లోపలి తెర తీసేస్తే మధ్యలో ఒక మెరుపు మచ్చ కూర్చుంటుంది, అంచులు చప్పబడతాయి, పెద్ద పెట్టె చిన్నదానిలా ప్రవర్తిస్తుంది.

వెంకటగిరి చీర ఫొటోలో ఆ తప్పే గుణం. జరీ పోగు మెరవాలంటే చిన్న, పదునైన వెలుగు కావాలి. తెల్ల పెట్టె ముందు అదే జరీ పసుపు దారంలా కనిపిస్తుంది. చీర కట్టుకున్న మనిషి ముఖానికి మాత్రం లోపలి తెర తగిలించాల్సిందే. రెండు తెరలు వేశాక వెండికీ తెలుపుకీ ముఖం మీద తేడా వెతకడం కష్టం, వెండిదిచ్చే అదనపు వెలుగు లాభం. ఒక్క పెట్టే కొనగలిగితే నా ఓటు తీసిపెట్టే లోపలి తెర ఉన్న వెండిదానికే.

మడతల దగ్గర అల్యూమినియం పొట్టు రాలుతుంది. తీరప్రాంతపు ఉప్పుగాలి కూడా దానికి మేలు చేయదు. తెల్లగుడ్డ పసుపెక్కుతుంది. పసుపు అంతటా సమంగా పాకితే వైట్ బ్యాలెన్స్‌తో సరిదిద్దొచ్చు, రాలిన మచ్చను సరిదిద్దలేం. కొన్నరోజే బూడిదరంగు కార్డును ఆ పెట్టె వెలుగులో ఒక ఫొటో తీసి దాచుకుంటే, ఏడాది తర్వాత పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.