డీవీడీ డ్రైవులో పుట్టిన గ్రాఫీన్

పాత కంప్యూటర్ భాగం దీవుల కరెంటు చిక్కుకు దారి చూపుతుందా?

దక్షిణ అండమాన్‌లోని ఫెరార్గంజ్ తహసీల్లో కొబ్బరికి కొదవ లేదు. చిక్కల్లా కరెంటుతోనే. ప్రధాన భూభాగపు గ్రిడ్‌తో లంకె లేని ఈ దీవులు ఎక్కువగా ఓడల్లో వచ్చే డీజిల్ మీదే ఆధారపడ్డాయి. సౌర విద్యుత్ వచ్చినా, మబ్బు కమ్మితే ఉత్పత్తి ఒక్కసారిగా పడిపోతుంది. ఆ ఒడుదొడుకులను తట్టుకోవాలంటే క్షణాల్లో కరెంటును దాచుకుని, క్షణాల్లో తిరిగిచ్చే సాధనం కావాలి. అదే సూపర్ కెపాసిటర్. బ్యాటరీ అంత కరెంటు నిల్వ చేయలేదు కానీ, దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువసార్లు చార్జింగ్‌ను తట్టుకుంటుంది.

దాని ప్రాణం కార్బన్‌లో ఉంది. 2012లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ కానర్, మహెర్ ఎల్-కాడీల బృందం ఆ కార్బన్‌ను మామూలు డీవీడీ బర్నర్‌తో తయారు చేసి అబ్బురపరిచింది. అది డిస్కుల మీద లేబుళ్లు ముద్రించే లైట్‌స్క్రైబ్ డ్రైవు. నీటిలో కలిపిన గ్రాఫైట్ ఆక్సైడ్‌ను డిస్కు మీద పోసి ఆరబెట్టారు. డ్రైవులోని లేజర్ తగలగానే అందులోని ఆక్సిజన్ చాలావరకు పోయి, బంగారు గోధుమ రంగు పొర నల్లబారింది. మిగిలింది గ్రాఫీన్. దీని గ్రాము ఉపరితలం 1,520 చదరపు మీటర్లు. అంటే దాదాపు ఆరు టెన్నిస్ కోర్టులంత. మరుసటి ఏడాది అదే పద్ధతిలో ఒక్క డిస్కు మీద అరగంటలో వందకు పైగా చిన్న సూపర్ కెపాసిటర్లను గీశారు.

వంటింటి ఓవెన్ కూడా ప్రయోగశాలకెక్కింది. 2016లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1,000 వాట్ల మైక్రోవేవ్‌లో ఒకటి రెండు సెకన్లలోనే నాణ్యమైన గ్రాఫీన్ సాధించారు.

అయితే ఇది ఇంట్లో చేసి చూసే ముచ్చట కాదు. ముడిసరుకైన గ్రాఫైట్ ఆక్సైడ్ తయారీకి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, పొటాషియం పర్మాంగనేట్ వాడాలి. ఏమాత్రం ఏమరినా పేలుడు ప్రమాదం. పైగా లైట్‌స్క్రైబ్ డ్రైవుల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. పరికరం చౌకైనంత మాత్రాన పదార్థం చౌక కాదన్నది అసలు పాఠం.

అందుకే మార్కెట్లో దొరికే సూపర్ కెపాసిటర్లలో ఇప్పటికీ యాక్టివేటెడ్ కార్బన్‌దే రాజ్యం. దాని ముడిసరుకుల్లో ముఖ్యమైనది కొబ్బరి చిప్ప! గ్రాఫీన్ గెలవాలంటే ముందు ఆ చిప్పను ధరలో ఓడించాలి. ఫెరార్గంజ్ తోటల్లో అది కావలసినంత.