ఓడచిట్టాలలోని మాటలు

దక్షిణాఫ్రికానుండియు ఫిజీనుండియు ఆంధ్రసంతతివారు నేటికిని విశాఖపట్టణమునకు వచ్చి, తమ ముత్తాతల గ్రామమేదియని వెదకుచున్నారు. వారి చేతనుండునది వలసచీటి నకలు. అందు తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, ఠాణా, గ్రామము, దేహముపై మచ్చలు వరుసగా వ్రాయబడియుండును. ఆనాటి గుమాస్తా యే యర్థమున నే మాటను వాడెనో యెఱుంగనిచో ఆ చీటియే దారి తప్పించును.

అందలి 'విజగపటం' సాధారణముగా పట్టణము కాదు, జిల్లా. విజయనగరము, బొబ్బిలి, సాలూరు, పార్వతీపురములే గాక, నేడు ఒడిషాలోనున్న జయపురమును అందు చేరియుండెను. శ్రీకాకుళమన్ననో 1936 వఱకు గంజాము జిల్లాలోనిది. కావున 'గంజాం' అను మాట చూచినంతనే మా పూర్వులు ఓఢ్రులని నిశ్చయింపరాదు. ఠాణా గడిలో మనవారికి తఱచుగా తాలూకా పేరు వ్రాసిరి. 'మద్రాసు' అనునది యనేకులకు ఓడ యెక్కిన రేవు మాత్రమే. అయినను నేటాలులో ఆంధ్రులు, అరవలు అందఱును మద్రాసీలైరి.

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో ఓడ డర్బను చేరినది మొదలు 1911 వఱకు నేటాలునకు ఒప్పందముపై పోయినవారు సుమారు 1,52,000 మంది. మన దేశమున కూలి యనగా పనికి ముట్టు ప్రతిఫలము. అచ్చట నది జాతిపేరై, గాంధీగారిని సైతము 'కూలీ బారిష్టరు' అనిపించినది! ఫిజీలో 'అగ్రిమెంటు' కూలీల నోట 'గిర్మిట్' అయ్యెను. ఈ రెంటిలో కూలీలు కల్పించుకొన్న మాట యేదో, వారిపై రుద్దబడిన మాట యేదో చెప్పనక్కఱలేదు.

ఇంతకును మన తీరమునుండి మిక్కిలిగా జనము పోయినది నేటాలునకు గాదు, రంగమునకు. మేస్త్రీలయొద్ద ముందుసొమ్ము గైకొని, విశాఖ, భీమునిపట్టణము, కాకినాడ రేవులలో వేలకొలది జనులు పొగయోడ లెక్కిరి. 1839 తుపానులో పాడైన కోరంగిరేవు పేరిట బర్మాలో మనవారందఱును 'కోరంగీలు'. కాని 1937 వఱకు బర్మా బ్రిటిషు ఇండియాలో భాగము. అచ్చటికి పోవుట చట్టదృష్టిలో వలసయే కాదు. కనుక ఊరు పేరులతో గూడిన వలసచీటి వారికి లేదు. ఓడవారి లెక్కలో వారు డెక్కు ప్రయాణికులు.

1942లో అడవులబడి నడచివచ్చినపుడు వారు కాందిశీకులైరి. 1962 తరువాత వచ్చినవారికి సర్కారు కాగితములలో మఱియొక పేరు, 'రిపేట్రియేటులు'. వారు స్థిరపడిన విశాఖలోని పేటకు నేటికిని బర్మా క్యాంపు అనియే పేరు. తాతలు ఏ యూరినుండి రంగము పోయిరో తెలిసికొనుటకు ఆ యిండ్లలో పెద్దల జ్ఞాపకమే యాధారము.