కొత్త గడ్డి మీద క్రిస్మస్

డిసెంబరు 24 సాయంత్రం గోదావరి జిల్లాల్లో ఏ పేటకు వెళ్లినా గుడి పక్కన పిల్లలు పశువుల పాక కడుతూ కనిపిస్తారు. నాలుగు వెదురు కర్రలు, పైన తాటాకు, లోపల పరవడానికి వరిగడ్డి. ఆ గడ్డి కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. సార్వా నూర్పిళ్లు అయి ఎన్నాళ్లో కాలేదు కదా, గడ్డిమేటు వీధి చివరే ఉంటుంది. ఓ మోపు లాక్కొస్తే సరి. ఆ దుమ్ముకు పిల్లలు తుమ్ముతూనే పరుస్తారు. గడ్డిలో చిక్కుకున్న వడ్లగింజల కోసం కోడిపెట్ట వచ్చి, సరిగ్గా బాలయేసును పడుకోబెట్టే చోటే కాళ్లతో కెలుకుతుంది. దాన్ని అదిలించడానికి ఒక బుడతణ్ణి కాపలా పెట్టాల్సిందే.

విదేశీ క్రిస్మస్ కార్డుల మీద పొలాలు మంచు కింద ఉంటాయి. మనకేమో సార్వా ధాన్యం ఇంటికి చేరి, దాళ్వా నారుమళ్ల గురించి మాటలు మొదలయ్యే సందులో పండగ వస్తుంది. అందుకే డెల్టాలో కృతజ్ఞత అంటే బస్తాల్లో తూచగలిగిన సంగతి. అయితే గుడికొచ్చే వాళ్లలో ఊడ్పులకూ కోతలకూ వెళ్లే కుటుంబాలు చాలా ఎక్కువ. పంట వాళ్ల చేతుల మీదే వచ్చింది, పొలం మాత్రం మరొకరిది. కూలి డబ్బుల్లోంచీ, కొలిచి తెచ్చుకున్న గింజల్లోంచీ దేవుడికి వాటా తీస్తారు. ఉన్నవాడి కానుక కన్నా ఈ వాటాయే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరుస్తుంది.

ఈ నేలకు నీళ్లూ సువార్తా ఇంచుమించు ఒకే కాలంలో వచ్చాయి. 1836లో మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు పాలకొల్లు, నరసాపురం ప్రాంతాల్లో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది. అప్పటికి 1832-33 కరువు జనం మనసుల్లో ఇంకా పచ్చిగానే ఉంది. ధవళేశ్వరం దగ్గర ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. పక్కనున్న కొండ రాయి తొలిచి, వేలమంది కూలీలు నదిలోకి మోశారు. ఆ కూలీల మధ్యకు వెళ్లి బౌడెన్ సువార్త చెప్పాడు. రాజమండ్రి లూథరన్ సంఘానిది మరో కథ. ఆ మిషన్ లూథరన్ల చేయి దాటిపోతోందని తెలిసి 1869లో మిషనరీ ఫాదర్ హయ్యర్, డెబ్బై దాటిన వయసులో, అమెరికా నుంచి మళ్లీ ఓడెక్కి వచ్చాడు.

కాటన్ దొరను మరిచిపోయామని మాత్రం ఎవరూ అనలేరు. గట్ల మీద, కూడళ్లలో విగ్రహాలున్నాయి. గోదావరి స్నానం చేస్తూ ఆయన్ను భగీరథుడిగా తలచుకునే సంస్కృత శ్లోకమే ఉంది. రాళ్లు మోసిన వాళ్ల పేర్లు ఏ సంకల్పంలోనూ లేవు. వాళ్లలో ఎందరు బౌడెన్ మాటలు విని తలూపారో, ఎందరు తట్ట దించి చెమట తుడుచుకునే వీలు దొరికిందని విన్నారో!

కాటన్ పుట్టిన 1803లోనే పురుషోత్తమ చౌదరి కూడా పుట్టాడు. ఒకరు డెల్టాకు కాలవలిచ్చారు, రెండో ఆయన తెలుగు క్రైస్తవులకు పాటలిచ్చారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా పాటల నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. ఈ రాత్రి కేరల్స్‌కు బయల్దేరిన జట్టులో హార్మోనియం వాయించేవాడికి ఆ రాగం పేరు తెలియకపోవచ్చు. వరస మాత్రం అమ్మమ్మ నోటి నుంచే వచ్చింది. డోలక్కు, కంజిర, ఎర్ర చొక్కా క్రిస్మస్ తాత, వెనకాల నిద్రకళ్ల పిల్లలు. గుమ్మం దగ్గర పాట అవగానే లోపల్నుంచి పిలుపు: "వందనాలండి పాస్టరుగారూ! టీ పెట్టేశామండి, తాగెళ్లాలి, ఆయ్!" ఆరో ఇంటికొచ్చేసరికి పాస్టరుగారి కడుపులో టీ తప్ప మరేమీ ఉండదు.

ఇంటి మీది నక్షత్రం ఇప్పుడు చాలాచోట్ల రాజమండ్రి బజారులో కొన్నదే. వెదురు బద్దలు చీల్చి, గాజు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి కట్టేవాళ్లు తగ్గిపోయారు. కొన్నదాన్ని తప్పుపట్టను గానీ, బల్బు వెలగ్గానే కట్టినవాడి మొహంలో కనిపించే ఆ వెలుగు దుకాణంలో దొరకదు.

నరసాపురం చుట్టుపక్కల ఇంకో రకం క్రిస్మస్ ఉంది. మిషనరీ కుటుంబాల స్త్రీలు నేర్పిన లేసు అల్లిక అక్కడి ఇళ్లలో తరాలుగా సాగుతోంది. ఆ బల్లగుడ్డలు సముద్రాలు దాటి ఎవరి పండగ విందుకో అలంకారమవుతాయి. 1982లో పరిశోధకురాలు మరియా మీస్ ఈ స్త్రీల మీద ఒక పుస్తకమే రాసింది, ఇంటి తీరిక పనిగా లెక్కేసి వాళ్ల శ్రమకు ఎంత తక్కువ విలువ కట్టారో చూపించింది. 2024లో ఈ అల్లికకు భౌగోళిక గుర్తింపు దక్కింది. కూలి కూడా ఆ గుర్తింపుకు తగ్గట్టు పెరగాలి.

పంట చేతికొచ్చిన ఏడాది దేవుడికి వందనాలు చెప్పడం తేలికే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గోదావరి జిల్లాల్లోనూ కళ్లాల మీది ధాన్యం తడిసి ముద్దయింది. క్రిస్మస్‌కు ఇంకా ఇరవై రోజులే ఉంది. ఆ ఏడాదీ నక్షత్రాలు కట్టారు, కేరల్స్ తిరిగారు. మొలకెత్తిన ధాన్యాన్ని రోడ్డు మీద ఆరబోసుకున్న మనిషి ఆ పాటలో ఎక్కడ గొంతు కలిపాడో, ఎక్కడ ఊరుకున్నాడో పక్కన నిలబడిన వాడికే తెలుస్తుంది.

ఇక పంటలో దేవుడి వాటాను గుడికి తెచ్చే కోత కానుకల రోజు చూడాలి సందడి. గుడిలో బల్ల ముందు ధాన్యం బస్తా, కొబ్బరికాయలు, అరటి గెల, గుమ్మడికాయ, కాళ్లు కట్టేసిన కోడిపుంజు. ఆరాధన అయ్యాక వేలంపాట. సంతలో ముప్పై రూపాయలు పలకని ఆనపకాయను పంతం కొద్దీ ఐదొందలకు పాడేస్తారు. కొన్నిచోట్ల పాడుకున్నవాడు డబ్బు కట్టేసి, కాయను మళ్లీ బల్ల మీదే పెట్టేస్తాడు. పాట మళ్లీ మొదటికొస్తుంది.