తిక్తరసం

షడ్రసాలలో తిక్తరసానికి, అనగా చేదుకు, మన భోజనపంక్తిలో గౌరవం తక్కువ. ఉగాదినాడు తప్ప దానిని కోరి నాలుకపై వేసుకొనేవారు అరుదు. కాకరకాయను సైతం చింతపండూ బెల్లమూ చేర్చి, చేదు విరిచిగాని తినం. పసిబిడ్డ నోటికి తీపి తగిలితే చప్పరిస్తుంది. చేదు తగిలితే ముఖం చిట్లించి ఉమ్మివేస్తుంది. ఎవరూ నేర్పని ఈ విముఖతకు కారణం లేకపోలేదు. ప్రకృతిలోని విషాలలో పెక్కు చేదుగా ఉంటాయి. తీపిని గుర్తించడానికి ఒకే రకం గ్రాహకంతో సరిపెట్టుకొన్న మానవుని నాలుక, చేదును పసిగట్టడానికి మాత్రం సుమారు 25 రకాల గ్రాహకాలను అమర్చుకొన్నది.

చేదును చెట్టు మనకోసం తయారుచేయదు. శత్రువు మీద పడినప్పుడు పారిపోలేని ప్రాణి అది. ఆకు నమిలే పురుగు, గింజ తొలిచే పురుగు, బెరడు గీరే పశువు, వేరు కుళ్లబెట్టే శిలీంధ్రం ఇవన్నీ దాని చుట్టూ ఉంటాయి. శీతలదేశాలలో మంచుకాలం కీటకాలను కొన్ని నెలలు అణచివేస్తుంది. ఉష్ణమండలంలో ఆ విరామం లేదు. అందువల్ల ఇక్కడి వృక్షాలు పెక్కు తమ ఆకులలో, గింజలలో, బెరడులో చేదు రసాయనాలను నింపుకొన్నాయి. చెట్టుకు అది కవచం. ఆ కవచం నుండి మనిషి మందును వెలికితీయబోవడమే ఈ పాఠంలోని కథ.

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం కృష్ణా జిల్లాకు మెట్టసీమ. 2022 నుండి ఇది ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నది. మునేరు, పాలేరు పారుతున్నా ఇక్కడి సేద్యం చాలావరకు వానను నమ్ముకొన్నదే. పత్తి, మిరప ప్రధానమైన పంటలు. పొలం గట్టున, ఇంటి ముంగిట, రోడ్డు వెంట నీడనిచ్చే వేపచెట్టు ఇక్కడివారికి ఎంత పరిచితమో చెప్పనక్కరలేదు. అమరకోశం దీనికి నింబమనే కాక అరిష్టమనీ, సర్వతోభద్రమనీ పేర్లు చెప్పింది. ‘అరిష్ట’ శబ్దానికి హాని లేనిది అని అర్థం. అదే మాట మన వ్యవహారంలో కీడు అనే అర్థంలో స్థిరపడింది. ఒకే శబ్దంలో మేలూ కీడూ ఇమిడి ఉండడం వేప విషయంలో యాదృచ్ఛికమే కావచ్చు గాని, అంతకన్న తగిన పేరు మరొకటి దొరకదు.

వేప శక్తిని లోకానికి తెలియజేసినది మిడత. 1959లో సూడాన్‌లో మిడతలదండు వచ్చిపడి పచ్చదనాన్నంతా మేసివేసి, వేపచెట్లను మాత్రం విడిచిపెట్టడం జర్మన్ కీటకశాస్త్రవేత్త ష్ముట్టెరర్ గమనించారు. 1962లో ఢిల్లీ ప్రాంతానికి మిడతలు వచ్చినప్పుడు భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థకు చెందిన ప్రధాన్, ఆయన సహచరులు వేపపప్పు కలిపిన నీటిని పైర్లపై చల్లి చూశారు. మిడతలు వాలాయి గాని తినలేదు. అంతకుముందే, 1942లో, సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపనూనె నుండి నింబిన్, నింబినిన్, నింబిడిన్ అనే చేదు పదార్థాలను వేరుచేసి ఉన్నారు. కీటకాలను అడ్డగించే ముఖ్యమైన పదార్థాన్ని 1968లో ఇంగ్లండులోని కీల్ విశ్వవిద్యాలయంలో బటర్‌వర్త్, మోర్గాన్ వేరుచేశారు. దాని పేరు అజాడిరక్టిన్. ఒక్కొక్క అణువులో 35 కార్బన్, 44 హైడ్రోజన్, 16 ఆక్సిజన్ పరమాణువులు పెనవేసుకొని ఉంటాయి. దానిని ప్రయోగశాలలో నిర్మించడానికి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో స్టీవెన్ లే బృందం 22 సంవత్సరాలు శ్రమించి 2007లో సఫలమైంది. మన గట్టుమీది చెట్టు ఆ పనిని ఏటా ఎండలో నిలబడి చేస్తున్నది.

అజాడిరక్టిన్ పురుగును వెంటనే చంపదు. దాని ఆకలిని మందగింపజేస్తుంది. కుబుసం విడవడానికి కావలసిన హార్మోనును అస్తవ్యస్తం చేస్తుంది. పురుగు పాత చర్మంలోనే చిక్కుకొని నశిస్తుంది. పత్తిరైతుకు ఈ సంగతి ఎంత ముఖ్యమో చెప్పాలంటే 1990వ దశకాన్ని స్మరించుకోవాలి. శనగపచ్చ పురుగు రసాయన మందులకు లొంగకుండాపోయింది. మందు మార్చి మందు చల్లడం, అందుకై అప్పు మీద అప్పు తేవడం రైతుకు తప్పలేదు. 1997–98లో వరంగల్లు ప్రాంతంలో పత్తిరైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కలచివేశాయి. అనంతరం ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామరైతులు వేపగింజల కషాయం మొదలైన పద్ధతులను చేపట్టి, 2003 నాటికి పురుగుమందులను పూర్తిగా విడిచిపెట్టారు. ఆ గ్రామం ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది.

కషాయం తయారీ కష్టం కాదు. నీడలో ఆరబెట్టిన వేపగింజల పప్పును 5 కిలోలు దంచి, రాత్రంతా నీటిలో నానబెట్టి, గుడ్డతో వడగట్టి, 100 లీటర్ల నీటికి సరిపెట్టి, కొద్దిగా సబ్బునీరు కలిపితే సిద్ధమవుతుంది. సాయంకాలమే చల్లాలి. ఎండకు అజాడిరక్టిన్ విరిగిపోతుంది. మాటిమాటికీ చల్లవలసి రావడం దీనిలోని ఇబ్బంది.

ఈ జ్ఞానం ఎవరిది అన్న ప్రశ్న కూడా ఒకప్పుడు తలెత్తింది. వేపనూనెతో శిలీంధ్రాలను అరికట్టే పద్ధతిపై అమెరికా వ్యవసాయశాఖకు, డబ్ల్యు.ఆర్. గ్రేస్ కంపెనీకి 1994లో ఐరోపా పేటెంటు లభించింది. అందులో కొత్తదనం లేదని వందనా శివ ప్రభృతులు వాదించగా 2000లో పేటెంటు రద్దయింది. 2005లో అప్పీలు కూడా వీగిపోయింది.

పురుగు సంగతి అలా ఉండగా మనిషి రోగాల మాటేమిటి? చేదుచెట్టు నుండి మందు పుట్టిన గొప్ప ఉదాహరణ సింకోనా. దాని బెరడుపొడి జ్వరాలకు పనిచేస్తుందని తెలిసినా, ఏ బెరడులో ఎంత బలమున్నదో తెలిసేది కాదు. 1820లో పెల్టియర్, కావెంతూ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు అందులోనుండి క్వినైన్‌ను వేరుచేసిన పిమ్మట మందుకు కొలత ఏర్పడింది. మలేరియాను వ్యాపింపజేసేది దోమ అన్న రహస్యం రొనాల్డ్ రాస్‌కు సికింద్రాబాదులో అంతుపట్టడానికి 77 సంవత్సరాల ముందటి మాట ఇది.

మన కొడిశపాల చరిత్ర వేరు. సంస్కృతంలో దీని పేరు కుటజం. మేఘసందేశంలో యక్షుడు మేఘునికి అర్ఘ్యంగా సమర్పించినవి ఈ పువ్వులే. కవికి పువ్వు కావలసివచ్చింది, వైద్యునికి బెరడు. అతిసారానికి వాడే ఆ చేదు బెరడులోనుండి తీసిన కొనెసిన్‌ను జిగటవిరేచనాలకు కొంతకాలం ఉపయోగించి, నాడీమండలానికి కీడు చేస్తున్నదని మానివేశారు.

వేప ఇంకా మధ్యదారిలో ఉన్నది. పుక్కిలించే ద్రవంగా వాడినప్పుడు పళ్లపాచి, చిగుళ్లవాపు కొంత తగ్గినట్లు మనుషులపై చేసిన పరీక్షలలో తేలింది. గెడ్యునిన్ అనే వేప పదార్థం మలేరియా పరాన్నజీవిని గాజుపాత్రలో అణచింది. శరీరంలో అంత బాగా పనిచేయలేదు. నింబోలైడ్ క్యాన్సర్ కణాలను పరీక్షశాలలో చంపుతున్నది. గాజుపాత్రలో చచ్చిన కణానికీ, మంచంపై కోలుకొన్న రోగికీ మధ్య దూరం చాలా ఉన్నది. ఆ దూరాన్ని మరచి ‘చెట్టుమందు గనుక హాని లేదు’ అనుకోవడం ప్రమాదకరం. పసిపిల్లలకు వేపనూనె తాగించగా వాంతులు, మూర్ఛలు వచ్చి మెదడు, కాలేయం దెబ్బతిన్న ఉదంతాలను 1981లో మలేసియా వైద్యులు ప్రకటించారు. పిల్లలకు కడుపులోకి వేపనూనె ఎన్నడూ పోయరాదు.

చెట్టుకైనా ఈ కవచం అభేద్యమేమీ కాదు. 2021లో తెలుగు రాష్ట్రాలు రెండింటా వేపచెట్ల కొమ్మలు కొసల నుండి ఎండిపోసాగాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం దానికి కారణమని శాస్త్రజ్ఞులు గుర్తించారు. లేతరెమ్మల రసం పీల్చే తేయాకు దోమ కూడా దానికి తోడైంది. మిడతలదండును నిలువరించిన చేదు వీటిని ఆపలేకపోయింది. అయినా చెట్లు చాలావరకు చావలేదు. ఎండిన కొమ్మల కిందినుండి మళ్లీ చిగిర్చాయి. ఆ చిగురు కూడా చేదే.