ఉయ్యాలకు పైకప్పు: ఆకారము, పరిమాణము

ఉయ్యాల అనగానే మనకు మొదట స్ఫురించేది దూలానికి కట్టిన తల్లి చీర, అందులో నిద్రించే పసిపాప. ఆ ఉయ్యాలనే పెద్దవారి కొలతకు పెంచి, రెండు చెట్ల నడుమ కట్టుకొని రాత్రి గడపడం కూడా ప్రాచీనమైన ఆచారమే. కరీబియన్ ద్వీపాలలోని తైనో జాతివారు ఇట్టి ఉయ్యాలలలో నిద్రించేవారు. 1492లో కొలంబస్ బృందం ఆ ద్వీపాలకు చేరినప్పుడు వీటిని చూసింది. 'హమాకా' అన్న ఆ ద్వీపవాసుల మాటే స్పానిష్ భాష ద్వారా ఇంగ్లీషులో 'హామక్' అయింది. తరువాతి శతాబ్దాలలో ఐరోపా నౌకలలోని నావికులకు ఇదే పడక అయింది. రాళ్లకు, బురదకు, తేళ్లకు అందని ఎత్తులో పడక దొరకడం ఇందలి సౌలభ్యం.

అయితే నేల నుండి మనలను కాపాడే ఉయ్యాల వాన నుండి కాపాడలేదు. దానికి వేరే పైకప్పు కావాలి. రైతులు ధాన్యరాశులపై కప్పే బరకం, హైదరాబాదు బజారులో తిర్పాల్ అని అడిగి తెచ్చుకునే టార్పాలిన్, ఈ పైకప్పుగా ఉపయోగపడతాయి. అది ఎంత ఉండాలి, ఏ ఆకారంలో ఉండాలి అన్న విషయాన్ని విద్యార్థి మిత్రులకు, కళాశాల కమిటీవారికి వివరించడం మా ఉద్దేశం. ఇందుకు ప్రేరణ మా స్వానుభవమే.

గత ఆగస్టు మాసంలో మేము కొందరు విద్యార్థులం, ఒక అధ్యాపకులవారితో కలిసి, అనుమతి పొంది, మూసీనది జన్మస్థానమైన అనంతగిరి కొండలలో ఒక రాత్రి ఉయ్యాలలలో గడిపాము. తలకొక ఎనిమిది అడుగుల చదరపు టార్పాలిన్ కొనుక్కొని వెళ్లాము. అరవై నాలుగు చదరపుటడుగుల గుడ్డ ఒక మనిషికి చాలదా అని మా ధీమా. అర్ధరాత్రి పడమటి నుండి గాలివాన వచ్చింది. గుడ్డ నడిమి భాగం కింద పొడిగానే ఉన్నది. రెండు కొసలు మాత్రం తడిశాయి. ఆ తడి ఉయ్యాల గుడ్డ వెంట కిందికి పాకి, తెల్లవారేసరికి అందరి దుప్పట్లనూ ముంచివేసింది. మాలో ఒక మిత్రునికి జ్వరం తగిలి అర్ధసంవత్సర పరీక్షలలో రెండు పత్రాలు పోయాయి. అతని తండ్రిగారు కమిటీవారిని కలుసుకున్నారు. ఇకపై రాత్రి బస యాత్రలకు అనుమతి ఇవ్వవలెనా, వద్దా అన్న ప్రశ్న బయలుదేరింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ రాత్రి తప్పు కొండలది కాదు, ఉయ్యాలది కాదు; కొలత తెలియక గుడ్డ కొన్న మాది.

మొదట పొడవు సంగతి చూద్దాము. పెద్దవారి ఉయ్యాల గుడ్డ సాధారణంగా పదకొండు అడుగులు ఉంటుంది. దాని తాళ్లను సుమారు 30 డిగ్రీల వాలులో కట్టినప్పుడు గుడ్డ కిందికి వంగి, ఒక కొస నుండి రెండవ కొసకు తిన్నని దూరం గుడ్డ పొడవులో 83 శాతం, అనగా తొమ్మిది అడుగుల పైచిలుకు అవుతుంది. పైకప్పును పూరింటి కప్పుగా ఊహించుకుంటే, రెండు చెట్ల నడుమ బిగించిన తాడు నడికొప్పు. ఇరువైపులా కిందికి దిగిన అంచులు చూరు. నడికొప్పు ఉయ్యాల కొసలకు ఇరువైపులా కనీసం అర్ధ అడుగైనా మించి ఉండాలి. కనుక పది అడుగులకు తగ్గిన నడికొప్పు పనికిరాదు; పదకొండు, పన్నెండు అడుగులున్న నిశ్చింత. ఎనిమిది అడుగుల చదరాన్ని అంచు వెంట కడితే ఉయ్యాల కొసలు బయటనే ఉండిపోతాయి.

మేము ఆ చదరాన్ని మూల నుండి మూలకు, కర్ణం వెంట కట్టాము. పైథాగొరస్ సూత్రం ప్రకారం ఆ కర్ణం 11.3 అడుగులు. పొడవు చాలింది, లోపం వెడల్పులో ఉన్నది. కర్ణం వెంట కట్టిన చదరం కొసలకు పోయేకొలదీ సన్నబడుతుంది. కొస నుండి ఎంత లోపలికి వస్తే, అక్కడ తాడుకు ఒక్కొక్క వైపున గుడ్డ అంతే ఉంటుంది. మా ఉయ్యాల కొసలు కప్పు కొసలకు ఇంచుమించు ఒక అడుగు లోపల ఉన్నాయి. కనుక అక్కడ ఒక్కొక్క పక్కకు దక్కినది ఒక్క అడుగు గుడ్డ మాత్రమే. నిలువుగా పడే వానకు అది చాలునేమో. గాలికి ఏటవాలుగా కొట్టే జల్లుకు చాలదు.

కాబట్టి గుడ్డ వైశాల్యాన్ని చూసి మోసపోరాదు. నూరు చదరపుటడుగుల గుడ్డను రెండు విధాలుగా కత్తిరించి చూడండి. మొదటిది పది అడుగుల చదరం. దీనిని కర్ణం వెంట కడితే నడికొప్పు పద్నాలుగు అడుగులు వస్తుంది. ఉయ్యాల కొసల వద్ద ఒక్కొక్క పక్కకు రెండున్నర అడుగుల గుడ్డ ఉంటుంది. రెండవది షడ్భుజి: నడికొప్పు పన్నెండు అడుగులు, రెండు చూరు అంచులు ఎనిమిదేసి అడుగులు, మొత్తం వెడల్పు పది అడుగులు. వైశాల్యం అదే నూరు. అయినను ఉయ్యాల కొసల వద్ద ఒక్కొక్క పక్కకు మూడున్నర అడుగులకు పైగా గుడ్డ దక్కుతుంది. పైగా చదరానికి చెట్ల మధ్య పదిహేను అడుగులకు తగ్గని ఎడం కావాలి. షడ్భుజికి పదమూడు చాలును.

ఇక దీర్ఘచతురస్రం. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల గుడ్డ అన్నిటికన్న ఎక్కువ రక్షణ ఇస్తుంది. గాలి ఉధృతమైనప్పుడు దాని మూలలను లోపలికి మడచి తలుపులవలె మూయవచ్చును. కాని వైశాల్యం నూట ఇరవై చదరపుటడుగులు కనుక మోత, ఖరీదు రెండూ పెరుగుతాయి. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు గల గుడ్డ తేలిక. అయితే కొసల వద్ద మిగులు అర్ధ అడుగే కనుక ఎంతో శ్రద్ధగా నడుమకు సరిచూచి కట్టాలి.

కొన్ని షడ్భుజాల అంచులు తిన్నగా ఉండక, లోపలికి వంగి ఉంటాయి. ఈ వంపును కేటినరీ అంటారు. రెండు కొసలు పట్టుకొని వదిలిన గొలుసు తన బరువుతో తాను వేలాడే రూపమే అది. గెలీలియో దీనిని పరావలయానికి సన్నిహితమని భావించాడు. 1691లో హైగెన్స్, లైబ్నిట్జ్, యోహాన్ బెర్నూలీ దీని నిజ సమీకరణాన్ని వెల్లడించారు. వంపు అంచు గల గుడ్డను లాగి కట్టినప్పుడు బిగువు అంతటా సమంగా పంచబడి, గాలికి తపతపలాడదు. తిన్నని అంచు మధ్యలో వదులై కొట్టుకుంటుంది.

కప్పు వాలు కూడ ముఖ్యమే. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన ఒక లీటరు నీరు. పది అడుగుల చదరపు గుడ్డపై పది మిల్లీమీటర్ల వాన కురిస్తే పడే నీరు తొంభై లీటర్లకు పైమాట. గుడ్డ చదునుగా ఉండి, అందులో కొంత నీరు నడుమ నిలిచినా గూటాలు ఊడిపోతాయి. 45 డిగ్రీల వాలు ఉంచితే నీరు జారిపోతుంది. గాలి వచ్చే వైపు చూరును మరింత దించి, ఉయ్యాల అడుగు మట్టానికి తేవాలి. ఉయ్యాల తాటి వెంట నీరు లోపలికి పాకకుండా, కప్పు కింద, గుడ్డ మొదలయ్యే చోటుకు ముందు, ఒక నూలు పోగు కట్టి వేలాడదీయాలి. నీరు దాని వెంట నేలకు జారుతుంది.

గుడ్డ విషయానికి వస్తే, నైలాను తడిసినప్పుడు సాగుతుంది కనుక రాత్రి ఒకమారు లేచి తాళ్లు బిగించవలసి ఉంటుంది. పాలియెస్టరు అంతగా సాగదు. పాలిథిన్ చవక, బరువు ఎక్కువ. బస్సు దిగిన చోటనే బస చేసేవారికి పాలిథిన్ చాలును. వీపున మోసుకొని నడిచేవారికి పాలియెస్టరు మేలు.

ఇది వ్రాసేముందు మేము కళాశాల మైదానంలోని రెండు చెట్లకు ఉయ్యాల కట్టి, పాత గుడ్డను, అరువు తెచ్చిన పన్నెండు అడుగుల షడ్భుజిని ఒకదాని తరువాత ఒకటి పరచి, బకెట్లతో పక్కనుండి నీరు చల్లి చూశాము. మొదటిదాని కింద ఉయ్యాల కొసలు నిమిషంలో తడిశాయి. రెండవదాని కింద పొడిగా నిలిచాయి. జ్వరపడిన మిత్రుడే స్వయంగా బకెట్టు పట్టాడు. కమిటీవారు ఒక సాయంకాలం వచ్చి చూడవలెనని మా మనవి. రాత్రి బసకు అనుమతి ఇచ్చేముందు ప్రతి విద్యార్థి తన కప్పును ఇదే మైదానంలో, ఇదే విధంగా పరీక్షించి చూపాలన్న నియమాన్ని పెట్టినచో మేము సంతోషంగా శిరసావహిస్తాము.