సిగ్నల్ లేని దారిలో ఫ్యామిలీతో: సీలేరు రోడ్డుకి ఫోర్ బై ఫోర్‌నీ, ఫోన్‌నీ ఎలా రెడీ చెయ్యాలి?

కొత్త ఫోర్ బై ఫోర్ ఇంటికి రాగానే ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన లడఖ్. కానీ బండిలో మీతో పాటు షుగర్ ఉన్న అమ్మ, మోకాళ్ల నొప్పుల నాన్న, ఆరేళ్ల పిల్లాడు కూడా ఉంటే? అంత దూరం అక్కర్లేదు, మన తూర్పు కనుమలే చాలు. నర్సీపట్నం నుంచి లంబసింగి, చింతపల్లి, గూడెం కొత్తవీధి, ధారకొండ, సీలేరు, డొంకరాయి, మోతుగూడెం మీదుగా చింతూరు. అక్కడి నుంచి ఘాట్ ఎక్కి మారేడుమిల్లి, ఆపై రాజమండ్రి. హైదరాబాద్ వాళ్లయితే భద్రాచలం వైపు నుంచి ఇదే రూట్‌ని తిరగేసి చెయ్యొచ్చు.

అసలీ రోడ్డుకి ఫోర్ బై ఫోర్ కావాలా? నిజం చెప్పాలంటే మెయిన్ రోడ్డుకి అక్కర్లేదు, దీని మీద ఆర్టీసీ బస్సులే తిరుగుతాయి. గుంతలు పడిన చోట గ్రౌండ్ క్లియరెన్స్ ఉంటే చాలు. నాలుగు చక్రాల అవసరం పక్కదారుల్లో వస్తుంది. మారేడుమిల్లి దగ్గర గుడిస కొండకి వెళ్లే మట్టి దారి అలాంటిదే. 4ఎల్ అంటే ఎక్కడానికే అనుకుంటారు చాలామంది. నిటారు దిగుడులో బ్రేకులు వేడెక్కకుండా బండిని మెల్లగా దించేది కూడా అదే. ఇంకో మాట: థార్, జిమ్నీ లాంటి పార్ట్ టైమ్ సిస్టమ్స్‌లో పొడి తారు రోడ్డు మీద 4హెచ్ వెయ్యకండి. మలుపుల్లో ముందు, వెనుక చక్రాలు తిరగాల్సిన వేగం వేరు కాబట్టి ఆ ఒత్తిడంతా డ్రైవ్‌లైన్ మీద పడుతుంది.

బండి ఎంపికలో యూట్యూబ్ రివ్యూల్లో పెద్దగా చెప్పని విషయం సామాను. జిమ్నీ నలుగురి బండి, వెనుక సీట్లు నిలబెట్టి ఉంటే బూట్ 208 లీటర్లే. అమ్మానాన్నల బ్యాగులు పెట్టాక టైర్ ఇన్‌ఫ్లేటర్‌కి కూడా చోటు వెతుక్కోవాలి. ట్యాంక్ 40 లీటర్లు. ఐదుగురైతే థార్ రాక్స్ గానీ స్కార్పియో ఎన్ గానీ చూడండి. రాక్స్‌లో ఫోర్ బై ఫోర్ కావాలంటే డీజిలే తీసుకోవాలి. ఏ బండైనా చింతపల్లి దాటే ముందు ఫుల్ ట్యాంక్ చేయించండి, మధ్యలో బంకు దొరుకుతుందని లెక్కెయ్యొద్దు.

ఇక బ్రోచర్‌లో అందరం ముచ్చటపడే నంబర్ వాటర్ వేడింగ్. థార్‌కి 650 మిల్లీమీటర్లు. బాగానే ఉంది కానీ అది దాదాపు కదలని నీళ్లలో ఇంజిన్‌లోకి నీరు పోకుండా ఉండే లోతు. పారే వాగు లెక్క వేరు. సుమారు 60 సెంటీమీటర్ల ప్రవాహం చాలావరకు ఎస్‌యూవీలని కూడా పక్కకి నెట్టేయగలదు. అంటే బ్రోచర్ ఓకే అన్న లోతులోనే బండి కొట్టుకుపోవచ్చు! స్నార్కెల్ బిగించినా ఈ విషయంలో మార్పేమీ ఉండదు. ఏజెన్సీ వాగులు పైన వాన పడితే గంటలో పెరుగుతాయి, మళ్లీ కొన్ని గంటల్లో తగ్గుతాయి. వెనుక సీట్లో పిల్లాడు ఉన్నప్పుడు ఆగి, తగ్గేదాకా కూర్చోవడమే పని.

అందుకే ఈ ట్రిప్‌కి నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచి టైమ్. జులై, ఆగస్టుల్లో తప్పనిసరైతే వాతావరణం యాప్‌తో పాటు భద్రాచలం దగ్గర గోదావరి మట్టం చూడండి. 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. గోదావరి పెరిగితే శబరి వెనక్కి తన్ని చింతూరు వైపు రోడ్లు మునుగుతాయి. మీరున్న చోట ఎండ కాస్తున్నా సరే, ముందు దారి ఉండదు.

ఫోన్ సంగతి

తమాషా ఏంటంటే, దిగువ సీలేరులో 460 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉంది, కానీ ఆ దారిలో చాలాచోట్ల మీ ఫోన్‌లో ఒక్క గీత కనపడదు. కంగారు పడక్కర్లేదు. జీపీఎస్‌కి మొబైల్ నెట్‌వర్క్‌తో పనిలేదు, ఫోన్ శాటిలైట్ల నుంచి నేరుగా సిగ్నల్ అందుకుంటుంది. ఏరోప్లేన్ మోడ్‌లో కూడా లొకేషన్ పనిచేస్తుంది. ఆ మాటకొస్తే అదే మంచిది, లేని టవర్ కోసం వెతుక్కుంటూనే ఫోన్ బ్యాటరీ తాగేస్తుంది.

కావాల్సింది మ్యాపే. గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ ఏరియా డౌన్‌లోడ్ చేసేటప్పుడు పెట్టెని కాస్త పెద్దగా లాగి, సీలేరు అవతల ఒడిశా వైపు కూడా కలపండి. దానికి తోడు ఆర్గానిక్ మ్యాప్స్ గానీ ఓస్మ్‌అండ్ గానీ వేసుకోండి, మట్టి దారుల్ని ఇవి చాలాసార్లు మెరుగ్గా చూపిస్తాయి. ఆఫ్‌లైన్‌లో చూపించే టైమ్‌ని మాత్రం నమ్మొద్దు. మూడు గంటలంటే అయిదు అనుకుని బయల్దేరండి, చీకట్లో ఘాట్ ఎక్కే పని పెట్టుకోకండి. ఇంట్లో మూలన పడున్న పాత ఫోన్ ఉంటే సిమ్ లేకుండానే దాన్ని నావిగేటర్ చేసేయొచ్చు. ఏసీ వెంట్ హోల్డర్‌లో పెడితే ఎండకి వేడెక్కి ఆగిపోదు కూడా.

సిమ్‌లు రెండు వేర్వేరు కంపెనీలవి ఉండాలి. 2025 జనవరిలో కేంద్రం ఒక మంచి పని చేసింది: డిజిటల్ భారత్ నిధి డబ్బుతో మారుమూల కట్టిన 4జీ టవర్లని బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో కస్టమర్లు పంచుకునే ఏర్పాటు. కాబట్టి ఆటోమేటిక్ నెట్‌వర్క్ సెలక్షన్ ఆఫ్ చెయ్యకండి. సొంత కంపెనీ సిగ్నల్ లేకపోయినా, వేరే ఏ టవర్ అందినా 112 ప్రయత్నించండి. డేటా కదలని చోట మామూలు ఎస్ఎంఎస్ వెళ్లే అవకాశం ఎక్కువ.

ఏ టవరూ లేనిచోట మాటేంటి? ఐఫోన్‌లోని శాటిలైట్ ఎస్ఓఎస్ మన దేశంలో పనిచెయ్యదు. అమెరికా నుంచి వస్తున్న బావగారు గార్మిన్ ఇన్‌రీచ్ తెస్తానంటే వద్దని చెప్పండి. టెలికాం శాఖ అనుమతి లేకుండా ఇక్కడ శాటిలైట్ ఫోన్లు, మెసెంజర్లు వాడితే కేసవుతుంది, ఇలా దొరికిపోయిన విదేశీ టూరిస్టులు ఉన్నారు.

కాబట్టి మిగిలింది పాత పద్ధతే. "సాయంత్రం అయిదుకల్లా చింతూరు చేరి ఫోన్ చేస్తాం, ఎనిమిది దాకా రాకపోతే చింతూరు పోలీసులకి చెప్పు" అని ఇంటి దగ్గర ఒకరికి చెప్పి, బండి నంబర్, రూట్ రాసివ్వండి. లైవ్ లొకేషన్ ఉంది కదా అనుకుంటారేమో, సిగ్నల్ పోయిన క్షణం నుంచి అది పాత చుక్కనే చూపిస్తుంది. రాసిచ్చిన రూట్ దాటి సరదాకి వేరే దారి పట్టకండి, వెతికేవాళ్లు అక్కడికి రారు.

పవర్‌బ్యాంక్ లెక్క కూడా చూద్దాం. 20,000 ఎంఏహెచ్ అంటే 3.7 వోల్టుల దగ్గర 74 వాట్ అవర్లు. కన్వర్షన్‌లో పోయేది పోగా 5,000 ఎంఏహెచ్ ఫోన్‌కి నాలుగు కాదు, మూడు చార్జింగ్‌లే వస్తాయి. ఇద్దరికి చాలు. ఇన్‌ఫ్లేటర్‌ని ఇంజిన్ ఆన్‌లో ఉంచే వాడండి. మట్టి దారిలో గాలి తగ్గిస్తే, తారెక్కగానే మళ్లీ నింపాలి.

అమ్మ ఇన్సులిన్ డ్యాష్‌బోర్డ్‌లో వద్దు, అది పొయ్యి లెక్క. కూలింగ్ పౌచ్‌లో పెట్టండి, ఐసుకి నేరుగా తగలనివ్వకండి. మందులు రెండు రోజులవి ఎక్కువే ఉండాలి. దోమల మందు మర్చిపోవద్దు, ఏజెన్సీలో మలేరియా ఉంది. ఘాట్ మలుపుల్లో పిల్లాడి చేతికి ట్యాబ్ ఇస్తే పది నిమిషాల్లో వాంతి గ్యారంటీ. నెట్ లేకపోతే యూపీఐ ఉండదు, బొంగులో చికెన్‌కైనా నోట్లే కావాలి, అదీ చిల్లరగా.

బయల్దేరే ముందు రోజు ఒక టెస్ట్ చెయ్యండి. రెండు ఫోన్లనీ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, చింతపల్లి నుంచి చింతూరుకి రూట్ అడగండి. రాకపోతే ఇంటి వైఫై ఇంకా పక్కనే ఉంది, మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.